132ను 11 భాగిస్తుందా, 11చే భాగింపబడుతుందా?

సందేహం: మా అమ్మాయి లెక్కల పుస్తకంలో ‘132 అనే సంఖ్య 11చే నిశ్శేషంగా భాగింపబడుతుంది’ అని ఉంది. వాళ్ల మాస్టారు ‘132ను 11 భాగిస్తుంది’ అని రాయిస్తున్నారు. భాగించేది మనం కదా, సంఖ్య ఎలా భాగిస్తుంది? ఏది ఒప్పు? అలాగే ‘కనిష్ఠ’ అనాలా, ‘కనిష్ట’ అనాలా?

సమాధానం: రెండు వాక్యాలూ ఒప్పే. ‘132ను 11తో భాగించాము’ అన్నప్పుడు కర్త మనం, 11 కరణం, అంటే పనికి సాధనం. ‘132ను 11 భాగిస్తుంది’ అన్నప్పుడు ఆ కరణమే కర్త స్థానంలోకి వస్తుంది. ‘ఈ మందు జ్వరాన్ని తగ్గిస్తుంది’ అని అందరమూ అంటాం, ఇదీ అలాంటిదే. ఇక ‘బడు’ చేర్చిన కర్మణి వాక్యం మన మాటల్లో అరుదే అయినా, చెప్పవలసింది 132ను గురించే అయినప్పుడు దాన్ని ముందు నిలపడానికి గణితంలో అది పనికివస్తుంది. ‘11చే’, ‘11తో’ రెండూ తృతీయా విభక్తి రూపాలే కనుక అక్కడ తగవు లేదు. చిన్న పిల్లలకు మాత్రం ‘132ను 11తో భాగిస్తే శేషం రాదు’ అని చెప్పడమే నాకు ఇష్టం.

నిజంగా జాగ్రత్త పడవలసింది ‘నిశ్శేషంగా’ అన్న మాట దగ్గర. 133ను కూడా 11తో భాగించవచ్చు. భాగఫలం 12, శేషం 1 వస్తాయి. కాబట్టి ‘భాగించవచ్చు’ అని ఊరుకుంటే ఏమీ చెప్పనట్టే. ‘11 భాగిస్తుంది’ అన్న వాక్యంలో శేషం లేదన్న అర్థం గణిత సంప్రదాయం వల్ల ఇమిడి ఉంటుంది గాని, తక్కినచోట్ల ఆ మాటను వదలకూడదు.

భాజనీయత సూత్రాలు, అంటే ఒక సంఖ్యను మరొకటి నిశ్శేషంగా భాగిస్తుందో లేదో తేల్చే సూత్రాలు, రాసేటప్పుడు అంకెకూ సంఖ్యకూ ఉన్న తేడా కూడా పాటించాలి. 9174 ఒక సంఖ్య. 9, 1, 7, 4 దానిలోని అంకెలు. కుడి నుంచి బేసి స్థానాల్లోని అంకెల మొత్తం 4+1=5, సరి స్థానాల్లోని అంకెల మొత్తం 7+9=16, వాటి తేడా 11; ఆ తేడా 0 గాని 11 గుణిజం గాని అయితే అసలు సంఖ్యను 11 నిశ్శేషంగా భాగిస్తుంది. 9174లో 11 సరిగ్గా 834 సార్లు పోతుంది. ఇక్కడ ‘సంఖ్యల మొత్తం’ అని రాస్తే సూత్రమే చెడుతుంది.

సామాన్య గుణిజాల లెక్కల్లో ‘4, 6లచే భాగింపబడే సంఖ్య’ అని రాయడం కన్నా ‘4తోనూ 6తోనూ నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య’ అనడం మేలు, ఎందుకంటే రెండు షరతులూ ఒకేసారి నెరవేరాలని ఆ ‘నూ’ స్పష్టంగా చెబుతుంది. అలాంటి సంఖ్యలు 12, 24, 36 వగైరా, అంటే 12కు గుణిజాలన్నీ. నాలుగార్లు ఇరవై నాలుగు కనుక అలాంటి ప్రతి సంఖ్యనూ 24 భాగిస్తుందని పిల్లలు అనుకుంటారు. 36ను చూపిస్తే ఆ పొరపాటు తీరుతుంది.

‘కనిష్ఠ’ అన్నదే సాధురూపం. గరిష్ఠ, జ్యేష్ఠ, శ్రేష్ఠ శబ్దాల్లో లాగే ‘ష’ కింద ‘ఠ’ వత్తు రావాలి. సామాన్య గుణిజాలు ఎంత దూరం వెళ్లినా వస్తూనే ఉంటాయి కనుక, వాటిలో సున్న కాక మిగిలినవాటిలో కనిష్ఠమైనదాన్ని అడగగలం గాని గరిష్ఠమైనదాన్ని అడగలేం. గరిష్ఠ శబ్దం సామాన్య భాజకానికే చెల్లుతుంది.