విమానం సంగతి తర్వాత, ముందు మీ అన్నయ్య సంగతి చూడండి

ప్రశ్న: మాది తిరుపతి. మా ఆయనకు 46 ఏళ్లు, ప్రభుత్వోద్యోగం. రెండేళ్లుగా మిద్దె మీది గదిలో రిమోట్‌తో ఎగిరే పెద్ద విమానం తయారు చేస్తున్నారు. రెక్కలే దాదాపు తొమ్మిది అడుగులు. దానికి పెట్రోల్ ఇంజన్ కూడా. ఖర్చెంతో చెప్పరు. నా ఇస్త్రీపెట్టెతో రెక్కలకు పసుపు ప్లాస్టిక్ అంటించి దాన్ని పాడుచేశారు. చిత్తూరులో ఉన్న మా అన్నయ్యకు చెప్పుకున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నయ్య అందరి ముందూ ‘బొమ్మలతో ఆడుకునే వయసా బావా ఇది’ అని నిలదీశాడు. పోలీసులు కేసు పెడతారని కూడా అన్నాడు. అప్పట్నుంచి ఈయన అన్నం పైకే తెప్పించుకుంటున్నారు, మా అమ్మాయి పట్టుకెళ్తుంది. ఆయన ఊళ్లో లేనప్పుడు విమానాన్ని ఎవరికైనా అమ్మేయమంటున్నాడు అన్నయ్య. అలా చేస్తే తప్పా?

జవాబు: తప్పే. అమ్మకండి. మీరడిగినదానికి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

పోలీసు కేసు భయం కూడా తీసేయండి. 2021 డ్రోన్ నిబంధనల్లో సరదాకో చదువుకో కంటికి కనిపించే దూరంలో ఎగరేసే, 25 కిలోలు మించని మోడల్ విమానాల గురించి విడిగా రాశారు. ఆ రకం విమానం ఎగరడానికి పనికొస్తుందని ఇచ్చే టైప్ సర్టిఫికెట్ వాటికి అక్కర్లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ ఎగరేస్తానంటే కుదరదు. తిరుమల కొండ వైపు, రేణిగుంట విమానాశ్రయం దగ్గర ఆ మాటే ఎత్తకూడదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో ఎక్కడ అనుమతి ఉందో, రిజిస్ట్రేషన్ సంగతేమిటో ఆయన్నే చూసుకోమనండి. రెండేళ్లు కష్టపడిన మనిషికి అవి తెలియకుండా ఉంటాయా?

ఇక అసలు విషయం. అంత పెద్ద ఉత్తరంలో మీరు మీ ఆయనతో నేరుగా మాట్లాడిన సందర్భం నాకు ఒక్కటీ కనపడలేదు. పోలీసు కేసంటూ భయపెట్టింది మీ అన్నయ్య. వయసు గుర్తుచేసింది మీ అన్నయ్య. ఇప్పుడు అమ్మేయమంటున్నదీ ఆయనే. పైన కూర్చున్న మనిషికి అన్నం అందించేది మీ అమ్మాయి. మరి మీరేం చేస్తున్నారమ్మా?

అన్నయ్యకు చెప్పుకోవడం తప్పని నేననను. మొగుడు తాగి కొడుతుంటే పుట్టింటికి చెప్పకపోవడమే తప్పు. కానీ విమానం కోసం బాల్సా అనే తేలిక చెక్క కోసుకుంటున్నాడని చెప్పి, పండగపూట భోజనాల దగ్గర పంచాయితీ పెట్టిస్తారా? మన ఇళ్లల్లో బావమరిది మాట ఎంత గుచ్చుకుంటుందో మీకు తెలియంది కాదు. ఆ రోజు మీరు అడ్డం పడి ‘అన్నయ్యా, ఇది మా ఇంటి విషయం’ అని ఉంటే ఆయన కిందే కూర్చుని తినేవారు.

మీ ఊళ్లో ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు జాతర చేస్తారు కదా. వెంకన్నకు చెల్లెలని కొండ మీది నుంచి సారె వస్తుంది. అన్న మర్యాద అది. మీ అన్నయ్యనూ అలాగే సారె తెమ్మనండి, తీర్పులు వద్దనండి.

మీ అమ్మాయి చెప్పిన సంగతులు ఉత్తరం చివర కొంచెం విసుగ్గానే రాశారు. నేను మాత్రం ఆసక్తిగా చదివాను. ఈ బొమ్మకు అసలు విమానం పైపర్ కబ్ అనే చిన్న విమానమట, 35 అడుగుల పైచిలుకు రెక్కలు, ఈయనది అందులో నాలుగో వంతు. రెక్క లోపలి చెక్కల్ని ఒక్కొక్కటే కోసి, గరుకు కాగితంతో రుద్ది అతికించారట. రెక్క కింద రెండు వైపులా వేళ్లు పెట్టి ఎత్తితే తోక కిందికి వాలిపోతోందని, ముక్కులో సీసం ముక్కలు పెట్టి మళ్లీ మళ్లీ ఎత్తి చూస్తున్నారట. తోక బరువైతే గాల్లో అదుపు తప్పుతుందని ఆ పిల్లకు కూడా తెలుసు. ఒక్క మీకే చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే మీరు ఆ మెట్లెక్కరు.

ఆయన్నీ వెనకేసుకు రాను. ఇంటి డబ్బు తీసి ఖర్చుపెట్టే మనిషి ఇల్లాలికి లెక్క చెప్పాలి. అడిగించుకోకుండా చెప్పాలి. ఆ ప్లాస్టిక్ వేడికే అంటుకుంటుంది, దానికి చిన్న ఇస్త్రీపెట్టె వేరే దొరుకుతుంది. జిగురంటిన పెట్టెను పట్టుచీర మీద పెడితే ఆ నష్టం ఎవరిది? కొత్త పెట్టె కొనిమ్మని గట్టిగా అడగండి. ఆ గదిలో పెట్రోల్ క్యాన్ ఉంటే ఇవాళే బయట పెట్టించండి.

రేపు రాత్రి కంచం మీరే పట్టుకుని పైకెళ్లండి. వెళ్లగానే డబ్బు ఊసెత్తకండి. సంక్రాంతినాడు జరిగింది బాగాలేదని ఒక్క మాట అనండి. మర్నాడు ఖర్చెంతో అడగండి, నెలకింత అని ఇద్దరూ కూర్చుని అనుకోండి. అన్నయ్యకు మాత్రం ఫోన్ మీరే చేయాలి, అమ్మాయితో చేయించకండి. ‘అమ్మడం లేదు, ఈ విషయం ఇక నువ్వు అడగొద్దు’ అని చెప్పండి. కోపం వస్తుంది, రానివ్వండి. వదిన సర్దిచెబుతుంది.

ఇంతా చేశాక కూడా మీ ఆయన లెక్క చెప్పకపోతే మళ్లీ రాయండి. అప్పుడు ఆయన సంగతి చూద్దాం.