జోన్ మార్పు ప్రకటన చూసిన అబ్బయ్యకు

చిరంజీవి అబ్బయ్యకు పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు. మీ కాలవ కింది మాగాణిని వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కి మారుస్తామని, అభ్యంతరాలుంటే గడువులోగా రాసివ్వమని పేపర్లో వేశారు. ఊళ్లో సగం మందేమో "మన భూమి ఎవరూ లాక్కోవట్లేదు కదా, మ్యాపులో రంగేగా మారేది" అంటున్నారు. ముందు వాళ్లకు లెక్క చెప్పు. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. అంటే ఎకరానికి 605 అంకణాలు. రంగు మారిందంటే పక్క కయ్యను (మడిని) ఎకరాల్లో కొని అంకణాల్లో అమ్ముతారు. కొన్నవాడు మొదట చేసే పని గట్లు తీసేసి గ్రావెల్ తోలించడం. ఇక మన కయ్యకు నీళ్లొచ్చే దారి, పోయే దారి రెండూ వాడి చేతిలో ఉంటాయి.

మా ఊరి తూర్పున లేఅవుట్ పడినప్పుడు "మురుగు కాలవ మూయలేదు, తూర వేశాం" అన్నారు. వెళ్లి చూశాను. నడుం లోతు దిగి పూడిక తీసిన కాలవ అది. దాని చోట నా రెండు చేతులకూ అందేంత సిమెంటు తూర పెట్టారు. మొదటి వానకే గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడ్డాయి. నవంబరులో తుపాను పట్టింది. నాటి పది రోజులు కూడా కాని మూడెకరాలు నాలుగు రోజులు మునిగే ఉన్నాయి. నీళ్లు తీశాక పైరు పట్టుకుంటే జిగురుగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఆ కుళ్లు వాసన ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే చెప్తున్నా, అభ్యంతరం రాసేటప్పుడు నీళ్ల గురించి రాయండి. తాతల నాటి భూమి అన్నది నిజమే, తలుచుకుంటే నాకూ కడుపు మండుతుంది. కానీ దానికి అధికారి ఫైల్లో జవాబు రాయక్కర్లేదు. ఈ సర్వే నంబర్ల మధ్య నుంచి పోయే కాలవ ఏ తూముది, దాని కింద ఇంకా ఎన్ని ఎకరాలు పారుతున్నాయి, పైనుంచి వచ్చే వాన నీళ్లు ఎటు పోవాలి అని అడిగితే జవాబు వెతకాల్సిందే. 2021 నవంబరు పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయింది. ఆ రోజు మీ పొలాల్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఎవరో ఒకరి ఫోన్లో ఫోటో ఉంటుంది. అడిగి తీసుకుని ప్రింట్ వేయించు.

అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (భూమి హక్కుల రికార్డు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకళ్లు తీసుకోండి. పెద్దపంట, ఎడగారు (రెండో పంట) రెండూ అడంగల్లో ఎక్కాయో లేదో చూసుకోండి. ఆయకట్టు మ్యాపు కోసం నీటిపారుదల ఆఫీసులో సమాచార హక్కు కింద ఇవాళే దరఖాస్తు పెట్టు. ఫీజు పది రూపాయలే గానీ జవాబుకు వాళ్లకు 30 రోజుల గడువుంది. అందాక ఆగొద్దు. "అడిగిన కాగితాలు వచ్చాక అదనంగా దాఖలు చేస్తాం" అని అభ్యంతరంలోనే ఒక మాట రాసిపెట్టండి.

మేం చేసిన తప్పు మీరు చేయొద్దు. ఊరంతా కలిసి ఒక్క అర్జీ రాసి, దాని వెనక సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఇచ్చాం. చివరికి దాన్ని ఒక్క అభ్యంతరం కింద లెక్కేశారు. అది తెలిసిన రోజు మా పెద్దోళ్ల మొహాలు చూడలేకపోయాను. మీరు ఎవరి సర్వే నంబరుతో వాళ్లు విడివిడిగా ఇవ్వండి. పాస్‌బుక్ ఆడవాళ్ల పేరున ఉంటే వాళ్లే సంతకం పెట్టాలి. కౌలు రైతులతో కూడా ఇప్పించండి, మునిగేది వాళ్ల పెట్టుబడే. సీలు, తేదీ వేసిన రసీదు చేతికొచ్చేదాకా కౌంటర్ దగ్గర నుంచి కదలొద్దు. గ్రామసభ తీర్మానం, నీటి సంఘం తీర్మానం కూడా జత చేయండి.

ఉలవపాడు దగ్గర కరేడు రైతులు 2025లో గ్రామసభలో సోలార్ కంపెనీకి భూములివ్వమని తెగేసి చెప్పారు, మనమూ అంతే అని మీ కుర్రాళ్లు అంటున్నారట. వాళ్ల ధైర్యం నాకూ గొప్పగా అనిపించింది. కాకపోతే అది భూసేకరణ. ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే 2013 చట్టం ప్రకారం మామూలుగా 80 శాతం మంది ఒప్పుకోవాలి. జోన్ మార్పుకు ఆ రక్షణ లేదు. ప్రకటనలో ఇచ్చిన గడువు లోపల మనం నోరు విప్పకపోతే, అభ్యంతరం లేదనే రాసుకుంటారు.

ఇంకొకటి, ఇది జాగ్రత్తగా విను. ఊళ్లో అమ్ముకోవాలనుకునే వాళ్లూ ఉంటారు. కూతురి పెళ్లికి చేసిన అప్పో, ధర లేని వడ్లో, ఎవరి కష్టం వాళ్లది. వాళ్లను ద్రోహులు అనొద్దు, అననివ్వొద్దు. మా ఊళ్లో ఆ మాట తూలినందుకు అన్నదమ్ములు ఇవాళ్టికీ ఒకరింటికి ఒకరు పోరు. ఇళ్లు కూడా కావాల్సిందే. కాలవ పారని మెట్ట మీ ఊరి పడమర ఉంది కదా, ఇళ్లకు అది చూడమని అభ్యంతరంలోనే రాయండి. వద్దన్నవాళ్లే వేరే చోటు కూడా చూపిస్తే ఆ మాటకు బలం ఉంటుంది.

విచారణకు పిలిస్తే నువ్వొక్కడివే మాట్లాడొద్దు. మీ ఊళ్లో కాలవకు నీళ్లు వదిలే లష్కరు పని చేసిన ముసలాయన్ని వెంట తీసుకెళ్లు. ఏ తూము ఎత్తితే ఏ కయ్యకు ఎంతసేపట్లో నీళ్లు చేరతాయో ఆయనకు నోటికి వచ్చు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. ఎఫ్‌ఎంబీ నకలు, ఎర్ర పెన్ను సిద్ధంగా పెట్టు. తూము దగ్గర్నుంచి మురుగు కాలవ చివరిదాకా ఇద్దరం నడిచి గుర్తులు పెడదాం. మీ అమ్మకు నా మాటగా చెప్పు, అన్నం అక్కడే తింటాను.

మీ పెదనాన్న