వెన్నెముక ఆపరేషన్ తర్వాత బాగున్న రోజే ఎక్కువ జాగ్రత్త కావాలి

వెన్నెముక పక్కకు వంకర తిరిగే స్కోలియోసిస్‌కు రాడ్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేసిన రెండు నెలలకు, ఒంట్లో బాగున్న రోజున ఇంటి పనంతా చేసుకుంటే మర్నాటి నుంచి మంచం దిగలేకపోతున్నానని, ఇది మామూలేనా అని పాలకొల్లు నుంచి మీరు అడిగారు. నలభై దాటాక ఇదే ఆపరేషన్ చేయించుకున్న కోనసీమ మనిషిగా చెబుతున్నాను: మామూలే, కానీ దానిని అలా సాగనివ్వకూడదు.

రాడ్లు, స్క్రూలు వెన్నును కదలకుండా పట్టి ఉంచుతాయంతే. అసలు జరగవలసింది, వెన్నుపూసల మధ్య పేర్చిన ఎముక ముక్కలు అతుక్కుని ఒకే ఎముకగా మారడం. దానికి ఆరు నెలల నుంచి ఏడాది, పెద్దవారిలో ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. కోత నొప్పి మాత్రం చాలా ముందే తగ్గిపోతుంది. అందువల్ల నొప్పి లేదు కదా అని పని పెంచుకోవడం సరికాదు. పనికి కొలత గడియారమే కావాలి: బాగున్నా బాగాలేకపోయినా నడక ఇంతసేపు, కూర్చోవడం ఇంతసేపు అని ముందే నిర్ణయించుకుని, ఇంకా ఓపిక ఉండగానే ఆపేయాలి. వారం పాటు మర్నాటి ఉదయం నొప్పి పెరగకపోతే కొద్దిగా పెంచండి. పెరిగితే వెనుకటి కొలతకే రండి.

నడకకు మన కాలువ గట్లు ఎంతో అనుకూలం, ఎత్తుపల్లాలు ఉండవు. అయితే తిరిగి రావలసిన దూరం కూడా మీ ఓపికలోదే కనుక, సగం ఓపిక మిగిలి ఉండగానే వెనక్కి తిరగండి. వానకు జారే గట్టు మీదికి వెళ్లకండి.

వంగడం, మెలితిరగడం, బరువెత్తడం అనే మూడింటినీ సర్జన్ ఒప్పుకునే వరకు మానాలి. నిండు నీళ్ల బిందె పది కిలోలు దాటుతుంది; తొలి నెలల్లో సాధారణంగా నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దంటారు. కత్తిపీట ముందు కూర్చోవడం, ముగ్గు వేయడం ఇప్పుడు వద్దు. కూరలు బల్ల మీద చాకుతో నిలబడి తరుక్కోండి. మంచం దిగేటప్పుడు మోకాళ్లు ముడిచి, భుజం, తుంటి ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జారుస్తూ మోచేతితో మంచాన్ని నొక్కి లేవండి.

పరామర్శకు వచ్చేవారు ప్రేమతోనే వస్తారు, కానీ వారి ఎదుట గంటల తరబడి కూర్చోవడం నడక కంటే ఎక్కువ అలసట. పడుకునే మాట్లాడతానని చెప్పండి, ఎవరూ తప్పుపట్టరు.

ఆపరేషన్‌లో పోయిన రక్తం వల్ల కూడా నీరసం ఉంటుంది కనుక హిమోగ్లోబిన్ చూపించుకోండి. కొన్ని నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి, మరికొన్ని ఎముక అతుక్కోవడాన్ని మందగింపజేయవచ్చు. మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి. జ్వరం, కుట్ల దగ్గర చీము, కాళ్లలో కొత్తగా తిమ్మిరి లేదా బలహీనత, పిక్కలో వాపు, ఆయాసం, మూత్రం మీద అదుపు తప్పడం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఈసారి ఎక్స్‌రేకి వెళ్లినప్పుడు, "జాగ్రత్తగా ఉండండి" అన్న మాటతో తిరిగి రాకుండా, ఎన్ని కిలోలు ఎత్తవచ్చో, ఎంతసేపు కూర్చోవచ్చో, ఎప్పటి నుంచి వంగవచ్చో చీటీ మీద రాయించుకోండి.