ఎల్‌ఎన్‌జీ ప్రాజెక్టు చేస్తున్న అమ్మలుకి

అమ్మలూ,

సహజ వాయువుని చల్లార్చి ద్రవంగా (ఎల్‌ఎన్‌జీగా) మార్చే నీ ప్లాంటు ప్రాజెక్టులో ఏ పరికరానికి ఎంత ప్రెషర్, ఎంత టెంపరేచర్ పెట్టాలో ఏ పేపర్లోనూ పూర్తిగా దొరకడం లేదన్నావు. దొరకదు తల్లీ. నాలుగు పేపర్లలోంచి తలో అంకె తెచ్చి అతికిస్తే అవి ఒకదానితో ఒకటి పొసగవు. వెతకడం ఆపి లెక్క కట్టు.

ముందు నువ్వు మార్చలేనివి రాసుకో. గ్యాస్ వచ్చే ప్రెషర్, 60 బార్ అనుకుందాం. చివర ట్యాంకులో ఎల్‌ఎన్‌జీ, దాదాపు వాతావరణ పీడనంలో మైనస్ 162 డిగ్రీలు. మూడోది పిల్లలు మర్చిపోయేది: వేడిని ఎక్కడ వదులుతావు? ప్లాంటు కాకినాడ తీరాన అనుకున్నావు కాబట్టి సముద్రపు నీళ్లు 30 డిగ్రీలు అనుకో.

ఇప్పుడు ప్రొపేన్ సైకిల్ చూడు, అంటే గ్యాస్‌ని మొదటి విడతలో చల్లబరిచే వలయం: ప్రొపేన్ మరుగుతూ గ్యాస్ వేడిని లాక్కుంటుంది, కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కుతుంది, సముద్రపు నీళ్లు దాన్ని మళ్లీ ద్రవం చేస్తాయి. నీళ్లు 30 అయితే ప్రొపేన్‌ని 40 దగ్గర ద్రవంగా మార్చొచ్చు. ఆ టెంపరేచర్‌లో దాని ఆవిరి పీడనం సుమారు 13.7 బార్. అదే నీ కంప్రెసర్ డిశ్చార్జి, అంటే బయటికొచ్చే పీడనం. గ్యాస్‌ని మైనస్ 35కి దించాలంటే 3 డిగ్రీల తేడా ఉంచి ప్రొపేన్‌ని మైనస్ 38లో మరిగించాలి. అక్కడ సుమారు 1.2 బార్. అదే సక్షన్, అంటే కంప్రెసర్‌లోకి వెళ్లే పీడనం. వాతావరణం కన్నా కాస్త ఎక్కువే ఉంది కాబట్టి గాలి లోపలికి లాగదు. ఈ రెండు పీడనాల నిష్పత్తి పదకొండు దాటింది, ఒకే స్టేజీలో చేయకు. మూడుగా విడదీస్తే ఒక్కోటి సుమారు 2.25, అంటే మధ్యలో 2.7, 6.1 బార్. చూశావా, ఒక్క అంకె కూడా ఎవరినీ అడగలేదు.

మైనస్ 35 నుంచి కిందికి దించే మిక్స్‌డ్ రిఫ్రిజిరెంట్ (చల్లబరిచే మిశ్రమం) ఇంత సులువు కాదు. నైట్రోజన్, మీథేన్, ఈథేన్, ప్రొపేన్ పాళ్లు మార్చి మార్చి చూడాల్సిందే. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎక్స్‌ఛేంజర్ (వేడి ప్రవాహం నుంచి చల్లని ప్రవాహానికి వేడిని మార్చే పరికరం) రెండు చివర్లా 3 డిగ్రీల తేడా చూసుకుని లెక్క అయిపోయిందనుకున్నాను. మా సీనియర్ వేడి, చల్లని ప్రవాహాల టెంపరేచర్ కర్వులు రెండూ ఒకే కాగితం మీద గీయించారు. మధ్యలో అవి ఒకదాన్నొకటి దాటేశాయి! అక్కడ చల్లని ప్రవాహం వేడి ప్రవాహం కన్నా వేడిగా ఉందన్నమాట, అది జరగని పని. రెండు వారాల పని పోయింది. పాళ్లు మార్చిన ప్రతిసారీ కర్వులు గీయి, చివర్లు చూసి నమ్మకు. కంప్రెసర్‌లోకి చుక్క ద్రవం కూడా వెళ్లకుండా సక్షన్ దగ్గర ఆవిరి శాతం కూడా చూసుకో.

శుద్ధి యూనిట్లు నీ ప్రాజెక్టులో లేకపోయినా గ్యాస్‌లో మలినాల హద్దులు రాయి: కార్బన్ డయాక్సైడ్ 50 పీపీఎం (పది లక్షల్లో 50 భాగాలు) లోపు, నీరు 1 పీపీఎం లోపు. లేకపోతే గడ్డకట్టి దారి మూసేస్తాయి. పాదరసం అసలే ఉండకూడదు, అల్యూమినియం ఎక్స్‌ఛేంజర్లను తినేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టకు, ప్లాంటు లెక్కలు కట్టే డీడబ్ల్యూసిమ్ ఉచితం. అందులో గ్యాస్ గుణాలు లెక్కకట్టే పెంగ్-రాబిన్సన్ సమీకరణం ఎంచుకో, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 75 శాతంతో మొదలుపెట్టు.

ఆదివారానికి ప్రొపేన్ భాగం ఒక్కటే చేసి పంపు. మిక్స్‌డ్ రిఫ్రిజిరెంట్ జోలికి అప్పుడే వెళ్లకు, అది ఇద్దరం కూర్చుని చేద్దాం.

మీ పెదనాన్న