కొమ్ము పురుగులో ఆడ ఏది, మగ ఏది?

ప్రశ్న: తొలకరి వానలు పడినప్పటి నుండి రాత్రిపూట మా వసారాలోని దీపానికి బొటనవేలంత లావున్న నల్లటి పురుగులు వచ్చి, గోడకు కొట్టుకొని, వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తున్నాయి. కొన్నింటికి తల మీద పొడవైన కొమ్ము ఉంది, కొన్నింటికి చిన్న మొటిక మాత్రమే ఉంది. పొడవు కొమ్మువి మగవని మా నాన్నగారు అంటారు. అవి ఉత్త పేడపురుగులని, టెంకాయ చెట్లకు వాటివల్ల భయం లేదని పక్కింటివారు అంటారు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: మీ నాన్నగారి మాట సగం నిజం, పక్కింటివారి మాట మాత్రం పరీక్షకు నిలవకపోవచ్చు. మీరు వర్ణించినది టెంకాయ తోటల్లో అందరూ కొమ్ము పురుగు అని పిలిచేదేనని తోస్తున్నది. స్వీడన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1758లో వర్ణించిన ఈ జీవిని శాస్త్రజ్ఞులు నేడు ఆరిక్టీస్ రైనోసెరస్ అంటారు. ఇందులో మొదటి మాటకు గ్రీకు భాషలో తవ్వేది అని అర్థం. కొమ్ము కన్నా ఆ తవ్వకమే రైతుకు ఎక్కువ తెలిసిన సంగతి కాబట్టి పేరు బాగా కుదిరిందనే చెప్పాలి.

పేడపురుగుల్లోనూ కొన్నింటికి కొమ్ము ఉంటుంది, అందువల్ల కొమ్మును చూసి తీర్పు చెప్పడం కుదరదు. పురుగును తెల్ల కాగితం మీద పెట్టి పైనుండి చూడండి. పేడపురుగు తల ముందుభాగం చేటలాగా వెడల్పై, దవడలను పూర్తిగా కప్పేస్తుంది. కొమ్ము పురుగుకు మాత్రం తల ముందు కొసకు ఇరువైపులా దవడల అంచులు బయటికి కనిపిస్తాయి, ఎందుకంటే గట్టి టెంకాయ మొవ్వును కోయవలసినవి అవే. తరువాత రెండు పైరెక్కలు మెడ దగ్గర కలిసే చోట చూడండి. అక్కడ చిన్న ముక్కోణపు బిళ్ల స్పష్టంగా ఉంటే అది కొమ్ము పురుగే కావచ్చు, మన పెద్ద పేడపురుగులు చాలావాటిలో ఆ బిళ్ల కనబడదు. తల వెనుక డాలు వంటి పలక ముందువైపు పెద్ద గుంట, ఆ గుంట వెనుక అంచున రెండు మొద్దు బుడిపెలు ఉంటే ఇక అనుమానం అక్కరలేదు. పొడవు సాధారణంగా 35 నుండి 50 మిల్లీమీటర్లు, రంగు నిగనిగలాడే నలుపు లేదా ముదురు గోధుమ, పొట్ట వైపు కాస్త ఎరుపు. మీసాల చివర విసనకర్రలా విచ్చుకునే మూడు రేకుల గుర్తును చాలామంది పట్టుకుంటారు గాని, అది పేడపురుగుకూ ఉంటుంది కనుక ఇక్కడ పనికిరాదు.

ఇక ఆడ, మగ సంగతి. ఈ జాతిలో కొమ్ము రెండింటికీ ఉంటుంది. మగదానికి సాధారణంగా పొడవు, ఆడదానికి పొట్టి. ఆవు కొమ్ములో ఉన్నట్టు దీని కొమ్ము లోపల ఎముక లేదు, ఒంటిని కప్పిన, కైటిన్ అనే గట్టి పదార్థంతో ఏర్పడిన పెంకే ముందుకు పొడుచుకు వచ్చింది. పెంకు ఒకసారి గట్టిపడిన తరువాత పురుగు ఇక పెరగదు, కాబట్టి కొమ్ము ఎంత పొడవు అవుతుందన్నది పిల్లపురుగుగా ఉన్నప్పుడు తిన్న తిండిని బట్టి తేలిపోతుంది. తిండి చాలని మగదాని కొమ్ము బాగా తిన్న ఆడదాని కొమ్ముకు దగ్గరగా ఉండటం వింత కాదు. నమ్మదగిన గుర్తు వెనుక భాగంలో ఉంది: పురుగును వెల్లకిలా తిప్పి, ఉదరం చివరి పలకను చూస్తే, ఆడదానికి అక్కడ ఎర్రటి గోధుమ రంగు నూగు దట్టంగా కుచ్చులాగా ఉంటుంది, మగదానికి ఆ చోటు దాదాపు నున్నగా ఉంటుంది. కుట్టదు, విషం లేదు. కాళ్ల ముళ్లు మాత్రం వేలిని గీరుతాయి. చేతిలో పట్టుకుంటే కీచుమని చప్పుడు చేసేది నోటితో కాదు, ఉదరం పైభాగాన్ని రెక్కల అంచుకు రుద్ది చేస్తుంది.

ప్రశ్న: కేరళ నుండి మా స్నేహితుడు తెచ్చిన ఎండిన పురుగుకు తల మీద ఒక కొమ్ము, వీపు మీద ఇంకొకటి ఉన్నాయి, రెండింటి కొనలూ చీలి ఉన్నాయి. ఇదీ కొమ్ము పురుగేనా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: దగ్గరి చుట్టమే గాని, అది కాదు. మీ దగ్గర ఉన్నది జైలోట్రూపస్ అనే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన మగ పురుగు. దాని ఆడదానికి కొమ్ములే ఉండవు. టెంకాయ కొమ్ము పురుగుకు తల మీద ఒకే కొమ్ము, దాని కొన చీలదు.

ప్రశ్న: మా పేడదిబ్బ తవ్వితే వేలంత లావు తెల్ల పురుగులు గుట్టలుగా బయటపడ్డాయి. అన్నీ చంపవలసినవేనా?
– ఒక పాడిరైతు, పలమనేరు

జవాబు: తొందరపడకండి. ఆవులున్న ఇంట దిబ్బ తప్పదు, దిబ్బలో కొమ్ము పురుగు గుడ్లు పెట్టడమూ తప్పదు. కాని అదే దిబ్బలో పూలపురుగుల పిల్లలు కూడా పెరుగుతాయి, అవి కుళ్లిన చెత్తను తిని ఎరువు చేసేవి. ఒక పురుగును చదునైన నేల మీద వదలండి. వీపు మీద పడుకొని, కాళ్లు ఆకాశం వైపు పెట్టి జరజరా పాకితే అది పూలపురుగు పిల్ల, తిరిగి దిబ్బలో వేయండి. కొడవలిలా వంగి, పక్కకు ఒరిగి, ఉన్నచోటనే మెలికలు తిరుగుతుంటే, గోధుమ రంగు తల పెద్దదిగా ఉంటే, అది కొమ్ము పురుగు పిల్లేనని అనుమానించవచ్చు. టెంకాయ మాను లోపల దొరికిన తెల్ల పురుగుకు అసలు కాళ్లే లేకపోతే అది ఎర్రముక్కు పురుగు పిల్ల, దాని కథ వేరు.

కొమ్ము పురుగు పిల్ల చెట్టును తాకదు. నష్టం చేసేది పెద్ద పురుగు. అది మొవ్వులోకి తొలిచి రసం తాగుతుంది, ఆ కోత పడిన ఆకు విచ్చుకున్నాక విసనకర్రలా కత్తిరించినట్టు కనబడుతుంది. గుడ్డు నుండి పెద్ద పురుగు కావడానికి నాలుగు నెలలకు తక్కువ కాకుండా పడుతుంది, కాబట్టి మూడు నెలలకు ఒకసారి దిబ్బను అడుగు దాకా తిరగేసి ఏరివేస్తే చాలావరకు రెక్కలు రాకముందే దొరికిపోతాయి. ఏరినవాటిని కోళ్ల ముందు వేయండి. గుర్తు తేలనివాటిని రెండు మూడింటిని సీసాలో వేసి, తిరుపతి వ్యవసాయ కళాశాలలోని కీటకశాస్త్ర విభాగానికి చూపించండి.