ముందు నిద్ర సంగతి చూడు అల్లుడూ

అల్లుడూ,

అలిపిరి మెట్లు వారానికి రెండుసార్లు ఎక్కుతున్నా, రాత్రిపూట అన్నం మానేసినా బరువు కిలో కూడా దిగలేదని రాశావు. తిన్నదీ నడిచిందీ అన్నీ రాశావు గానీ, ఎన్ని గంటలు పడుకుంటున్నావో రాయలేదు. మా అక్కను, అదే మీ అమ్మను, అడిగితే చెప్పింది. నైట్ డ్యూటీ దిగొచ్చి పొద్దున ఎనిమిదికి పడుకుంటే పన్నెండుకల్లా లేచి కూర్చుంటావట.

నేనూ తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జి కౌంటర్లో పదకొండేళ్ళు నైట్ డ్యూటీ చేసినవాడినే. చేరినప్పుడు 68 కిలోలు, మానేసేనాటికి 91. రెండున్నర రైలుకు దిగినోళ్ళకు గదులిచ్చేసరికి కడుపులో ఏదో లాగేది. ఎదురుగా బండి. రెండు బోండాలు, చక్కెర ఎక్కువేసిన టీ. ఇంట్లో సంగటి ముద్ద తినొచ్చిన రోజు కూడా అంతే. నాది ఉత్త తిండియావ అనుకుని సిగ్గుపడేవాడిని.

అది నిద్ర లేని ఒంటి పని. ఆకలి పుట్టించే గ్రెలిన్, ఇక చాలనిపించే లెప్టిన్ అని రెండు హార్మోన్లున్నాయి. 2004లో చికాగో యూనివర్సిటీ వాళ్ళు 12 మంది కుర్రాళ్ళను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకోనిచ్చినప్పటి కంటే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. మనసంతా తీపి మీదికీ, ఉప్పు చిరుతిళ్ళ మీదికీ పోయింది. మన బోండాలే అనుకో. పైగా నిద్ర చాలకుండా కడుపు మాడ్చుకుంటే కొవ్వు తక్కువ కరుగుతుంది, కండ ఎక్కువ పోతుంది.

డ్యూటీ దిగిన పొద్దున మెట్ల జోలికి పోవద్దు. రాత్రంతా మేలుకుని 3,550 మెట్లు ఎక్కడం ఒంటికి శిక్ష. సెలవు రోజు ఎక్కు, అదీ స్వామి కోసం ఎక్కు. డ్యూటీలో రాత్రి రెండు దాటాక టీ ఆపెయ్. ఆకలేస్తే ఉడకబెట్టిన శనగలు, మజ్జిగ డబ్బాలో తీసుకుపో. నీ గది కిటికీ తూర్పు వైపు కదా, నేనైతే పాత నల్ల కంబళి మేకులు కొట్టి వేలాడదీశాను. మీ అత్త దాన్ని చూసి దొంగల గుహ అనేది. అన్నట్టు, ఫోను వంటింట్లో పెట్టు. ఏడు గంటలు ఒకేసారి రాకపోతే డ్యూటీకి ముందు సాయంత్రం గంటన్నర పడుకో.

అక్క చెప్పిన ఇంకోమాటే నన్ను భయపెట్టింది. గురక పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయి, ఎగిరిపడినట్టు లేస్తావట. స్లీప్ ఆప్నియా అయుండొచ్చు. మెడలో కొవ్వు పేరితే నిద్రలో గాలి దారి మూసుకుపోతుంది, నిద్ర ముక్కలవుతుంది, ఆ చెడిన నిద్ర మళ్ళీ ఒళ్ళు పెంచుతుంది. దీనికి కంబళి చాలదు. ఈ వారమే రుయా ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరును కలిసి, నిద్ర పరీక్ష చెయ్యాలేమో అడుగు. బైకు మీద కునుకు పడుతుంటే అసలు ఆలస్యం చేయొద్దు.

నీ నిద్ర చెడగొట్టే పొద్దున పది గంటల కుక్కర్ విజిల్ గురించి మీ అమ్మతో నువ్వు గొడవ పడొద్దు. నేను ఫోన్ చేసి చెబుతాలే.

మీ మామ