పెంపుడు జంతువుల్ని వెట్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు మీకు జరిగిన సరదా సంఘటన ఏంటి?

నాకైతే ఒక్కటే గుర్తొస్తుంది. మా అమ్మ డాక్టర్ గారి గదిలో నేల మీద మోకాళ్ళూ మోచేతులూ ఆనించి అచ్చం పిల్లిలా దగ్గి చూపించడం. నవ్వుకోండి పర్లేదు, మేమూ నవ్వుకున్నాం, కానీ ఆ దగ్గు వల్లే మా కిట్టుగాడి జబ్బేంటో దారి దొరికింది కాబట్టి వివరంగానే రాస్తున్నా.

కిట్టుగాడు నారింజ రంగు పిల్లి, మంచి దిట్టమైన మనిషి (మా ఇంట్లో వాడిని మనిషనే అంటాం). కొన్నాళ్ళుగా రాత్రిపూట ఉన్నట్టుండి నేలకి కరుచుకుపోయి, మెడ ముందుకి చాచి, ఖహ్ ఖహ్ మని శబ్దం చేసేవాడు, అయిపోగానే ఒక గుటక వేసి ఏమీ జరగనట్టు వెళ్ళి పడుకునేవాడు. ఎవరికి చెప్పినా ఒకటే మాట, ఒళ్ళు నాక్కుంటుంది కదా వెంట్రుకలు లోపలికి పోయుంటాయి, కక్కేస్తే సరిపోతుంది అని. పిల్లికి ఏమొచ్చినా జనం వెంట్రుకల మీదకి తోసేస్తారు, నాకు ఇది చాలా చిరాకు. అమ్మ మాత్రం వినలేదు, "కక్కితే ఏదో ఒకటి బయటపడాలి కదా, వీడికి ఏమీ రావట్లేదు, ఇది దగ్గే, డాక్టర్‌కి చూపించాల్సిందే" అని కూర్చుంది.

సరే వెళ్ళాం. వెయిటింగ్ హాల్ గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తా, ఎందుకంటే అక్కడ నాకు కోపమొచ్చే సీన్ ప్రతిసారీ ఉంటుంది. పిల్లి ఉన్న బాక్స్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటామా, ఎవరో ఒకరు కుక్క లీష్ వదులుగా పట్టుకుని వస్తారు, అది తిన్నగా వచ్చి బాక్స్ జాలీలో ముక్కు పెట్టేస్తుంది, వాళ్ళేమో "మావాడు ఏం చేయడండీ, చాలా ఫ్రెండ్లీ" అంటారు. మీవాడు ఫ్రెండ్లీనే, కాదనను, లోపలున్నవాడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? తన తల కన్నా పెద్ద ముక్కు అడుగు దూరంలో ఊపిరి వదులుతుంటే వాడి ప్రాణం ఎలా ఉంటుంది? దయచేసి లీష్ పొట్టిగా పట్టుకోండి. పిల్లి వాళ్ళు బాక్స్ నేల మీద పెట్టకండి, ఎత్తు మీద పెట్టి పైన టవల్ కప్పండి, కనపడకపోతే సగం భయం పోతుంది.

లోపలికెళ్ళాం. టెంపరేచర్ 101.8 ఉంది, అది మనకి జ్వరం గానీ పిల్లికి మామూలే, వాటికి 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా నార్మల్. తర్వాత డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టింది. పెట్టిందో లేదో కిట్టుగాడు గుర్ గుర్ మని మొదలెట్టాడు, చిన్నగా కాదు, వాటర్ మోటార్ ఆన్ చేసినట్టు. ఆవిడ అటు జరిపి విన్నది, ఇటు జరిపి విన్నది, లాభం లేదు. "గుండె లేదు, ఊపిరితిత్తులు లేవు, అంతా ఇదే వినపడుతోంది" అంది. నేను వాడు సంతోషంగా ఉన్నాడేమో అనుకుంటుంటే ఆవిడే చెప్పింది, పిల్లులు ఆనందానికే కాదు, భయమేసినా నొప్పేసినా కూడా అలా గుర్రుమంటాయట.

అప్పుడు చేసిన పని చూడాలి. వాడిని ఎత్తుకుని సింక్ పక్కన గట్టు మీద కూర్చోబెట్టి ట్యాప్ తిప్పింది. నీళ్ళ చప్పుడు వినగానే వీడు టక్కున ఆపేశాడు, చెవులు రెండూ ట్యాప్ వైపు తిరిగిపోయాయి. ఆవిడ ఆ కాస్త సందులో గబగబా విన్నది. ఇది చాలామంది వెట్‌లు వాడే చిట్కానే అంట, చూడ్డం మాత్రం నేను అదే మొదలు. వీడేమో మెల్లిగా ఒక కాలు చాచి నీళ్ళ ధార కింద పెట్టి, వెనక్కి లాక్కుని, తడిసిన పాదం వంక చూసుకుని, మళ్ళీ పెట్టి, ఆఖరికి అటెండర్ చొక్కా మీద అంతా విదిలించాడు. ఆ అబ్బాయి పాపం ఏమీ అనలేదు.

ఊపిరి వదిలేటప్పుడు సన్నగా విజిల్ లాంటిది వినపడుతోంది, కానీ దగ్గు ఎలా ఉంటుందో చూడాలి, వీడియో ఉందా అని అడిగింది. అర్ధరాత్రి వచ్చే దగ్గు అది, పావు నిమిషం ఉంటుంది, లేచి లైట్ వేసేలోపు అయిపోతుంది, వీడియో ఎక్కడిది! నేను మాటల్లో చెప్పబోతుంటే అమ్మ బ్యాగ్ నా చేతిలో పెట్టి "ఉండమ్మా, నేను చూపిస్తా" అని కిందకి వంగిపోయింది. మోచేతులు కాస్త ఎడంగా పెట్టి, మెడ చాచి, ఖహ్ ఖహ్ ఖహ్, చివర్లో గుటకతో సహా. డాక్టరమ్మ నవ్వలేదు. తనూ వచ్చి పక్కన గొంతుక్కూర్చుని "పొట్ట కూడా లోపలికి పీక్కుంటోందా అమ్మా, లేక మెడ, ఛాతీ వరకేనా?" అని అడిగింది. అమ్మ "కక్కేటప్పుడైతే ఇలా" అని పొట్ట ఎగదోస్తూ ఒకటి చేసి, "వీడు రాత్రి చేసేది ఇలా" అని మళ్ళీ మొదటిది చేసింది. సరిగ్గా అప్పుడే సిరంజితో ఇంకో అమ్మాయి తలుపు తీసి, ఎవరు పేషెంటో అర్థంకాక గుమ్మంలోనే ఆగిపోయింది. కిట్టుగాడు గట్టు మీద నుంచి కళ్ళు ఇంతింత చేసుకుని అమ్మనే చూస్తున్నాడు. అమ్మ లేచి నిలబడ్డాక డాక్టరమ్మ, అమ్మ, ఆ సిరంజి అమ్మాయి, అందరం కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

కానీ ఆ తేడానే ముఖ్యమట. కక్కడంలో పొట్ట కుదుపులు ఉంటాయి, ఆఖర్న ఏదో ఒకటి బయటికి వస్తుంది. దగ్గులో నేలకి ఆనుకుని మెడ చాస్తుంది, ఏమీ రాదు, గుటక వేస్తుంది. ఛాతీ ఎక్స్‌రే తీశారు, ఊపిరితిత్తుల పురుగులేమైనా ఉన్నాయేమోనని మలం టెస్ట్ చేశారు, చివరికి ఆస్తమా అని తేలింది. అవును, పిల్లులకీ ఆస్తమా వస్తుంది, వాటికీ ఇన్‌హేలర్ ఉంటుంది, మధ్యలో ఒక గొట్టం లాంటి స్పేసర్, చివర చిన్న మాస్క్. మాస్క్ ముక్కుకి ఆనించి ఏడు నుంచి పది ఊపిర్లు తీసుకునేదాకా ఉంచాలి.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తా. ఇంట్లో ఉండే జంతువు వేరు, క్లినిక్‌లో బల్ల మీద ఉండే జంతువు వేరు. డాక్టర్‌కి కనపడేది రెండోది మాత్రమే. మా పాత కుక్క రాణి ఇంట్లో కుంటుకుంటూ నాలుగడుగులు వేయలేకపోయేది, క్లినిక్ గేటు దాటగానే కాలు బ్రహ్మాండంగా ఆనించి నడిచేది, భయంలో ఒళ్ళు బిగుసుకుపోతే నొప్పి కూడా బయటపడదు. దాన్ని నాటకం అనేవాళ్ళు, నాకు ఒళ్ళు మండేది, అది నాటకం కాదు. పిల్లులకైతే భయానికి బ్లడ్ షుగర్ కూడా ఎక్కేస్తుంది, డయాబెటిస్ లేకపోయినా సరే. అందుకే ఒక్క రీడింగ్‌తో తేల్చకుండా మంచి డాక్టర్లు ఫ్రక్టోసమైన్ టెస్ట్ చేయిస్తారు, అది గత రెండు మూడు వారాల సగటు చెప్తుంది.

అందుకని ఫోన్ ఉన్నది సెల్ఫీలకే కాదు. దగ్గు, కుంటడం, ఫిట్స్, వింత శబ్దం, ఏది కనిపించినా వీడియో తీయండి, పక్క నుంచి తీయండి, శరీరం మొత్తం కనపడేలా. పాట పెట్టి ఎడిట్ చేసి పంపకండి, డాక్టర్‌కి ఆ శబ్దమే కావాలి. వీడియో దొరకలేదా, మా అమ్మలా చేసి చూపించండి, సిగ్గేం లేదు.

ఇంకోటి, వీడియోకన్నా ముందు మీ మెడికల్ కిట్‌కి తాళం వేయండి. పిల్లి డల్‌గా ఉందని పారాసెటమాల్ ముక్క వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, మనకి పనిచేసింది దానికెందుకు పనిచేయదు అని వాదిస్తారు కూడా. ఆ మందుని విరగ్గొట్టే శక్తి పిల్లి లివర్‌కి దాదాపు లేదు, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, చిగుళ్ళు గోధుమ రంగులోకి తిరుగుతాయి, ఒక్క మాత్రకే చచ్చిపోవచ్చు. పొరపాటున మింగితే తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా అప్పటికప్పుడు పరిగెత్తండి.

బాక్స్ సంగతి కూడా చాలామంది అడుగుతుంటారు, మంచం కింద దూరిన పిల్లిని ఎలా పట్టాలి అని. అసలు దూరే పరిస్థితి తెచ్చుకోకూడదు. బాక్స్ అటక మీద దాచి, క్లినిక్‌కి వెళ్ళే రోజే దింపితే ఏ పిల్లికైనా అర్థమైపోతుంది. ఏడాది పొడుగునా హాల్లో తలుపు తెరిచి పెట్టేయండి, లోపల అది పడుకునే పాత గుడ్డ వేయండి, అప్పుడప్పుడు తిండి కూడా అందులోనే పెట్టండి. పై మూత ఊడొచ్చే రకమైతే ఇంకా మంచిది, కింది సగంలో కూర్చోబెట్టే డాక్టర్ చూసేయొచ్చు, కాళ్ళు పట్టి బయటికి లాగక్కర్లేదు.

ఇంట్లో రెండో పిల్లి ఉంటే ఇంటికొచ్చాక ఇంకో తతంగం ఉంటుంది. మా నల్లపిల్ల కిట్టుగాడితో ఒకే దిండు మీద పడుకునేది, ఆ రోజు వాడు బాక్స్‌లోంచి దిగగానే తోక బుస్సున పొంగించి వీడెవడు అన్నట్టు బుసలు కొట్టింది. వాడి నుంచి వచ్చేది క్లినిక్ వాసన, తనకి తెలిసిన వాసన కాదు. తిట్టకండి, కొట్టకండి, కొన్ని గంటలు వేరే గదిలో ఉంచి, ఇద్దరికీ ఒకే టవల్‌తో ఒళ్ళు రుద్ది అప్పుడు కలపండి. అప్పటికీ తగ్గకపోతే తొందరపడకుండా మధ్యలో తలుపేసి ఇంకో రోజు ఆగండి.